ఇంట కుట్టిన రాకుమారి వేషము

బాలబాలికల వేడుకలలో వేషమునకు ఉన్న ఆకర్షణ మరి దేనికిని లేదు. బొమ్మ ఇచ్చినచో బిడ్డ దానితో ఆడుకొనును. వేషము వేసినచో తానే కథలోని పాత్ర అగును. అందులోను ఆడపిల్లలకు రాకుమారి వేషముపైన గల మక్కువ వేరుగా చెప్పనక్కరలేదు. నవంబరు 14వ తేదీ బాలల దినోత్సవము వచ్చుచున్నదనగానే, పాఠశాల వార్షికోత్సవము దగ్గరపడగానే, విచిత్ర వేషధారణ పోటీని గూర్చిన చీటీ ఒకటి ఇంటికి వచ్చును. ఆ చీటీని చూచి బిడ్డ గంతులు వేయును. తల్లి మాత్రము ఇంటి ఖర్చుల లెక్క చూచుకొనును.

వేషమును అద్దెకు తెచ్చుట ఒక దారి, అంగడిలో కొనుట వేరొక దారి. అద్దె దుస్తులు ఎవరి కొలతకో కుట్టినవి. నడుమువద్ద వదులుగను, మెడవద్ద బిగువుగను ఉండును. అంగడిలోని గౌను తళతళ మెరయునే కాని, దానిలో చాలవరకు నైలాను వల, గరుకు జరీ తప్ప మరేమియు ఉండదు. వేదిక ఎక్కిన పసిబిడ్డ తన మాట మరచి మెడ గోకుకొనుచు నిలిచినచో ఆ లోపము బిడ్డది కాదు, బట్టది. అందుచేత మూడవ దారిని గూర్చి మేము ఇక్కడ చెప్పదలచితిమి. అది ఇంటిలోని పాత చీరతో ఇంటనే కుట్టు దారి. వేషము బిడ్డను మోయవలెను గాని బిడ్డ వేషమును మోయరాదు. ఈ పనికంతకు ఇదియే సూత్రము.

మా ఉప్పుగూడ చార్మినారునకు దక్షిణమున, యాకుత్పురా ఫలక్‌నుమా రైలు స్టేషనుల నడుమ ఉన్నది. ఇచ్చట ఆషాఢమాసమున మహంకాళి అమ్మవారి బోనాలు జరుగును. ఆనాడు తల మీద బోనము ఎత్తుకొను స్త్రీలు పట్టుచీరలు, చిన్న పిల్లలు పట్టులంగాలు పెట్టెలనుండి తీసి కట్టుకొందురు. అందుచేత జరీ అంచు గల పాతచీర ఒకటియైన లేని ఇల్లు ఇచ్చట అరుదు. కట్టుటకు పనికిరాదు, పారవేయుటకు మనసు రాదు అని అడుగున మడిచి పెట్టిన ఆ చీరయే మన పనికి మూలధనము. ఇక గోటా, తళుకులు, పూసలు కావలెనన్నచో చార్మినారు ప్రక్కనే లాడ్ బజారు ఉన్నది. లక్క గాజులకు పేరుపొందిన ఆ వీధి పనితనమునకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

అయితే కత్తెర పట్టుటకు ముందు తేల్చుకొనవలసిన విషయము ఒకటి కలదు. మన బిడ్డ ఏ రాకుమారి? నేటి పిల్లలకు రాకుమారి అనగానే విదేశీ చలనచిత్రములలోని నీలి గౌను, బంగారు జుట్టు స్ఫురించును. అది తప్పు కాదు. కథ ఏ దేశముదైనను బిడ్డకు కథయే. కాని మనము నడచు నేలమీద నిజముగా తిరిగిన రాకుమార్తెలు ఉండగా, వారి ఊసు కూడ బిడ్డకు ఒకసారి చెప్పి, అటుపిమ్మట ఎన్నుకొమ్మనుట న్యాయము.

ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుని కుమార్తె రుద్రమ. తండ్రి ఆమెను రాజ్యభారమునకు తగినట్లు పెంచెను. ఆమె శాసనములలో రుద్రదేవ మహారాజను పురుష నామముతో కానవచ్చును. నల్లగొండ ప్రాంతమునందలి చందుపట్ల శాసనము 1289లో ఆమె మరణమును తెలుపుచున్నది. వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యమును ఏలిన రాణిని మెచ్చుకొనుటయే కాక, ఇచ్చట నేయు సన్నని బట్టలను సాలెగూటితో పోల్చెను. రాకుమారి వేషమునకు మన నేత బట్టకంటె తగినది వేరొకటి లేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

గోల్కొండ వంశమునందు హయాత్ బక్షీ బేగము కలదు. ఆమె చార్మినారును కట్టించిన మహమ్మదు కులీ కుతుబ్‌షా కుమార్తె. ఆమె కుమారుడు అబ్దుల్లా 1626లో సింహాసనమెక్కునాటికి పండ్రెండేండ్ల బాలుడు. అతని వెనుక నిలిచి రాచకార్యములను చక్కబెట్టినది ఆ తల్లియే. హయత్‌నగరమునకు ఆ పేరు ఆమెవలననే వచ్చినది. 1667లో మరణించిన ఆమె సమాధి నేటికిని గోల్కొండ సమీపమున కుతుబ్‌షాహీ సమాధుల నడుమ ఉన్నది.

ఇంకను దగ్గరి కాలమునకు వచ్చినచో, తుర్కీ రాజవంశపు కన్యలు దుర్రుషెహ్వార్, నీలోఫర్ 1931లో ఫ్రాన్సునందలి నీస్ నగరమున నిజాము కుమారులను వివాహమాడి హైదరాబాదునకు కోడండ్రుగా వచ్చిరి. వారి సొగసును గూర్చి లోకము ఎంతయో చెప్పుకొనెను. కాని నేడు పాతబస్తీ తల్లులు వారి పేర్లను పలుకునది సొగసును తలచి కాదు. బిడ్డకు జ్వరము వచ్చినపుడు. పురానీ హవేలీ వద్ద ఒక పిల్లల ఆసుపత్రికి ఒకరి పేరు, రెడ్ హిల్సులోని ఆసుపత్రికి మరియొకరి పేరు నిలిచినవి.

ఒకతె రాజ్యము ఏలినది. ఒకతె బాలుడైన కుమారునికి అండగా నిలిచినది. మరి ఇద్దరి పేర్లు పసిపిల్లల వైద్యశాలలపై ఉన్నవి. రాకుమారి అనగా కిరీటము మాత్రమే కాదని బిడ్డకు తెలియుటకు ఇంత చాలును. బిడ్డ ఎవరిని ఎన్నుకొన్నను ఆమెను గూర్చి మూడు వాక్యములు నేర్పవలెను. వేదికమీద బట్ట ఒక్క నిమిషము మెరయును. మాట ఇంటికి వెంట వచ్చును.

ఇక పనికి వత్తము. పాతచీర సామాన్యముగా అయిదున్నర మీటర్ల పొడవు, ఇంచుమించు 115 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. దానిని కిటికీకి ఎదురుగా వెలుతురులో పట్టి చూడవలెను. మడతలు పడినచోట పట్టు చీలును. మడమ తగులు క్రింది అంచు అరుగును. నడుముచుట్టు లోపల దోపుకొను కొన మాత్రము చాలవరకు క్రొత్తదానివలెనే ఉండును. చిరుగులకు సుద్దతో గురుతులు పెట్టుకొని, అవి కుచ్చిళ్ళ లోపలికి గాని కుట్టులోనికి గాని పోవునట్లు కత్తిరింపవలెను.

బట్ట పట్టో నూలో కృత్రిమమో తెలియనిచో అంచునుండి నాలుగు పోగులు లాగి, పట్టుకారుతో పట్టుకొని, నీళ్ళ గిన్నె ప్రక్కన ఉంచుకొని, పెద్దలే కాల్చి చూడవలెను. నూలు కాగితము కాలిన వాసన వేసి మెత్తని బూడిద అగును. పట్టు వెండ్రుక కాలిన కమురు వాసన వేయును. నైలాను వంటి కృత్రిమ దారము కరిగి గట్టి పూసవలె ముద్దకట్టును. ఈ కరుగు గుణమే ప్రమాదకరము. నిప్పు తగిలినపుడు అది చర్మమునకు అంటుకొనును. కాబట్టి ఒంటికి తగులు అస్తరు ఎప్పుడును మెత్తని నూలుబట్టయే కావలెను. నూలును మండునదియే; కావున దీపపు కుందెల వద్దకు, దీపావళి నాటి బాణసంచా వద్దకు ఏ వేషముతోను బిడ్డను పోనీయరాదు.

ఆరేండ్ల బిడ్డకు కుట్టుచున్నామనుకొందము. కొలతలు ఎవరి బిడ్డకు వారు తీసికొనవలసినవే. లెక్క తెలియుటకై ఒక ఉదాహరణ చెప్పెదము. నడుమునుండి చీలమండ వరకు 65 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 54, ఛాతీ చుట్టుకొలత 58 అనుకొందము. లంగా నేలను తాకరాదు. మూడు సెంటీమీటర్లు పైకే ఉండవలెను. అనగా తయారైన లంగా పొడవు 62. పైన బొందు దూర్చు మడతకు 4, లోపలికి వేయు దాపుడు మడతకు 10 కలిపినచో 76 అగును. చీర లోపలి కొననుండి మూడు మీటర్ల ముక్కను అడ్డముగా కోసి, మంచి అంచు వైపునుండి 76 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని తీయవలెను. జరీ అంచే క్రింది అంచు అగును గనుక అచ్చట కుట్టు పని లేదు.

ఆ దాపుడు మడతను గూర్చి ఒక మాట. అంచునకు పైన లోపలివైపు అయిదు సెంటీమీటర్ల లోతు మడత పెట్టి సన్నని కుట్టుతో పట్టి ఉంచవలెను. అయిదు లోతు మడత పది సెంటీమీటర్ల బట్టను దాచును. బిడ్డ పెరిగినకొలది ఆ కుట్టు విప్పిన లంగా పొడవగును. మన పెద్దలు పట్టులంగాలన్నింటికి ఈ ఉపాయమునే పాటించెడివారు.

పట్టీ రెండు కొనలను కలిపి కుట్టి, పై అంచును మడిచి, బొందు దూర్చుటకు చిన్న సందు విడువవలెను. బొందుకు బదులుగా వెడల్పాటి ఎలాస్టిక్కు మేలు. దాహము వేసిన బిడ్డ నీరు త్రాగిన తరువాత, స్నానాల గదికి పోవలసి వచ్చినపుడు, ముడి విప్పుటకై ఎవరికొరకును చూడనక్కరలేదు. ఎలాస్టిక్కు పొడవు నడుము కొలతకంటె నాలుగయిదు సెంటీమీటర్లు తక్కువ ఉన్నచో చాలును. ఎర్రని గీత పడునంత బిగువు పనికిరాదు. మూడు మీటర్ల బట్ట 54 సెంటీమీటర్ల నడుమున కుదిరినపుడు కుచ్చిళ్ళు తమంతట తామే గుమ్మటమువలె నిలుచును. లోపల నూలు లోలంగా ఒకటి తొడిగినచో విదేశీ గౌనునకు గల ఉబ్బు వచ్చును. వల బట్ట అవసరమే ఉండదు.

మిగిలిన 39 సెంటీమీటర్ల వెడల్పు పట్టీనుండి రవిక వచ్చును. ఛాతీ కొలతకు ఎనిమిది కలిపి 66; ముందు వెనుక భాగములు చెరి 33, కుట్టుకు విడిచినది వేరు. బిడ్డకు చక్కగా కుదురు పాత రవిక ఉన్నచో దానినే కాగితముపై పరచి గీత గీసికొనుట అన్నింటికంటె తేలిక. అస్తరును ముందుగా తడిపి ఆరబెట్టి కోయవలెను. లేనిచో మొదటి ఉతుకులోనే ముడుచుకొనిపోవును. తెరపు ముందువైపు పెట్టి పెద్ద గుండీలు కుట్టినచో బిడ్డ తానే తొడుగుకొనును. మెడకు జరీని నేరుగా కుట్టక, నూలు పట్టీ మడిచి దానిపైన కుట్టవలెను. జరీ కొనలు గోకునది మెడనే.

రవిక పోగా, 39 వెడల్పు గల పట్టీ ఇంకను మీటరున్నర పైగా మిగులును. చీరలో కొంగుతో కూడిన రెండున్నర మీటర్ల ముక్క ఎట్లును అట్లే ఉన్నది. దానిని కోయవద్దు. అదియే ఈ వేషమునకు ప్రాణము. కట్టు మారినచో రాకుమారి మారును.

కథల రాకుమారి కావలెనన్నచో ఆ ముక్కను నిలువుగా మడిచి, నడిమి భాగమున కుచ్చిళ్ళు పట్టి, కిరీటము వెనుక కుట్టి వీపుమీదుగా మోకాళ్ళవరకు జారవిడువవలెను. నేలపై ఈడ్చుకొనిపోవు తోక పనికిరాదు. వెనుక వచ్చు బిడ్డ దానిని తొక్కుట, ముందు బిడ్డ పడుట నిశ్చయము.

రుద్రమదేవి కావలెనన్నచో లంగాను పక్కన పెట్టి, ఇంటనున్న పైజామాపైన ఆ ముక్కను మడిచి కాసెకట్టువలె కట్టి, నడుమున మిగులు పట్టీని దట్టిగా బిగించవలెను. కట్టు జారకుండ నడుమువద్ద నాలుగు టాకాలు వేయవలెను, పిన్నీసు వాడరాదు. అట్టతో చేసిన కత్తి కొన గుండ్రముగా ఉండవలెను. ఇది చరిత్రను గౌరవించు ఊహయే కాని అచ్చముగా ఆనాటి దుస్తు కాదని బిడ్డకు చెప్పుటలో తప్పు లేదు.

హయాత్ బక్షీ బేగము వేషమునకు నేటి హైదరాబాదు పెండ్లికూతురి ఖడా దుపట్టా ఆధారము. పొడవైన కుర్తా, చుడీదారు పైజామా, వాటిపైన ఆరు గజముల దుపట్టా అందలి ముఖ్య భాగములు. ఆరు గజముల బరువు పసిబిడ్డ భుజములకు తగదు. మన రెండున్నర మీటర్ల ముక్కను సన్నగా మడిచి, రెండు భుజములమీదుగా ముందుకు జారవిడిచి, భుజములవద్ద కుర్తాకు టాకా వేసినచో ఆ ఠీవి చాలవరకు వచ్చును. పండుగకు కుట్టించిన కుర్తా ఇంట ఉన్నచో కొనవలసినదేమియు లేదు.

కిరీటమునకు పుస్తకపు అట్ట చాలును. ఈ వయసు బిడ్డ తల చుట్టుకొలత ఇంచుమించు 51 సెంటీమీటర్లు. అట్ట పట్టీ 46 సెంటీమీటర్లు తీసికొని, వెనుక కొనలను ఎలాస్టిక్కు ముక్కతో కలుపవలెను. ముందు ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు, వెనుకకు పోను మూడు చాలును. మైదా బంకతో చీర అంచు ముక్కను అంటించి, నీడలో ఒక రాత్రి ఆరనిచ్చి, నుదురు తగులు చోట నూలుగుడ్డ మడత కుట్టవలెను. బిడ్డ తలను మూడుమార్లు గట్టిగా ఆడించినను కిరీటము కదలనిచో అది కుదిరినట్లు.

నగలు కూడ అట్టతోను వెండి కాగితముతోను చేయవచ్చును. హైదరాబాదు స్త్రీలు తలకు ఒక ప్రక్కన ధరించు ఝూమరును అట్టపై తళుకులతో చేసి కిరీటమునకే కుట్టవలెను. కంఠహారమును మెడలో వేయక రవికపైననే కుట్టుట మంచిది. ఆటలో ఎవరైన లాగినను గొంతు బిగియదు. ఈ కారణముననే మెడవద్ద ముడివేయు బొందులు, దారములు ఉంచరాదు. గాజు గాజులు వద్దు; అట్ట వలయములకు రంగుదారము చుట్టిన చాలును. ఇంట మూడేండ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఉన్నచో ఊడిన పూసలు నోట పెట్టుకొందురు. పూసలకు బదులు తళుకు పట్టీ కుట్టవలెను.

ఈ పనిలో బిడ్డకును ఒక భాగము ఇవ్వవలెను. ఏ అంచు ముందుకు రావలెనో ఆమెయే చెప్పనిండు. కిరీటముపై తళుకులు ఆమెయే అంటించనిండు. వంకరగా అంటిన తళుకును సరిచేయవద్దు. తాను చేసిన వస్తువును బిడ్డ పదిలముగా చూచుకొనును. అది నాయనమ్మ చీర అని తెలిసినచో, ఆ చీర ఏ పెండ్లికి కొన్నదో అడుగును. ఆ విధముగా ఇంటి కథ ఒకటి ఆమెకు చేరును.

వేడుకకు రెండు దినములు ముందుగా వేషమంతయు వేసి ఒక గంట ఇంట తిరుగనీయవలెను. మెట్లు ఎక్కి దిగవలెను; బాసిపట్టు వేసికొని కూర్చుండవలెను; చేతులు పైకెత్తవలెను; నీరు త్రాగవలెను; మూడు వాక్యములను గట్టిగా చెప్పవలెను. ఎచ్చట గోకుకొన్నదో, ఎచ్చట పట్టుకొని లాగుకొన్నదో చూచి అచ్చట సరిచేయవలెను. బిడ్డకు ఏదైన భాగము ఇష్టము లేదన్నచో దానిని తీసివేయుటయే మేలు. కిరీటము లేకున్నను రుద్రమ రుద్రమయే.

పురానీ హవేలీలోని నిజాము ప్రదర్శనశాలయందు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దుస్తులకై చేయించిన రెండంతస్తుల కొయ్య బీరువా నేటికిని ఉన్నది. అది ఒక పొడవాటి వసారా అంతయు ఆక్రమించినది. సెలవునాడు బిడ్డలను తీసికొనిపోయి దానిని చూపుడు. రాచరికపు ఆడంబరము ఎట్టిదో వారికి తెలియును. మన వేషమునకు మాత్రము పెట్టెలో ఒక మూల చాలును. వేడుక ముగిసిన తరువాత పట్టును చెమట ఆరునట్లు నీడలో వేసి, జరీ లోపలికి వచ్చునట్లు మడిచి, పాత నూలుగుడ్డలో చుట్టి దాచవలెను. మరుసటి యేడు దాపుడు మడత విప్పినచో లంగా అదే బిడ్డకు వచ్చును. అటు తరువాత చెల్లెలికి వచ్చును. కొంగు ముక్క కోయలేదు గనుక, ఆ చెల్లెలు తనకు నచ్చిన వేరొక రాకుమారి కావచ్చును.